ఎర్ర సిరా నేర్పిన పాఠాలు

వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. బస్సు కిటికీలోంచి బోర్డు కనబడితే చాలు, ఒత్తులు సరిగా ఉన్నాయా అని చూసే జబ్బు ఇంకా వదల్లేదు. ఆ జబ్బుతో చేసిన పొరపాట్లే ఇవి.

1. తప్పును రాయి మీద కాదు, కాగితం మీద దిద్దాలి.
గద్వాల దగ్గర ఒక ఊళ్లో శిలాఫలకం మీద ‘శంఖుస్థాపన’ అని ఉంది. శంకువంటే పునాదికి పాతే మేకు, శంఖం ఊదేది అంటూ నలుగురిలో నవ్వాను. ‘కాయితంల ఎట్లుంటె అట్లనే కొట్టిన సారూ’ అన్నాడు చెక్కినాయన. కాగితం రాసినవారికి ఏమీ కాలేదు. కొత్త రాయి ఖర్చు మాత్రం ఆయన మీద పడింది. ఇప్పుడు మా వీధి ఫ్లెక్సీ కుర్రాడు అచ్చుకు ముందే ఫోన్ చేస్తాడు: ‘సార్, శ్రద్ధాంజలిల ఏ ఒత్తు?’ ‘దకు ధ ఒత్తు నాయనా’ అంటాను. అంతటితో సరి.

2. సొంత రాతకు సొంత కళ్లు చాలవు.
మా అమ్మాయి పెళ్లి పత్రిక ప్రూఫు మూడుసార్లు నేనే చూశాను. ఐదువందల కార్డులు పంచాక, నా పాత శిష్యుడొకడు ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు మెల్లగా చెప్పాడు: ‘ముహూర్తం’ కాస్తా ‘మూహుర్తం’ అయిందని. నేను ఆ శిలాఫలకం దగ్గర చూపని మర్యాద అది.

3. యాసను తప్పుల లెక్కలో వేయకూడదు.
ఒక పిల్లవాడు ‘మా నాయిన బొంబాయికి పోయిండు’ అని రాశాడు. ‘పోయిండు’ కొట్టేసి ‘వెళ్లాడు’ అని దిద్దాను. పాలమూరు వలస బతుకు తెలిసినవాణ్ణే; నాయిన మళ్లీ ఎప్పుడొస్తాడని అడగాలని తోచలేదు. పోయిండు, పోయింది, పోయిన్రు: ఆ మాటకూ దాని వ్యాకరణం ఉంది. చిన్నయసూరి సూత్రాలు అప్పజెప్పే నా చెవికి అది వినబడలేదు. ఆ తర్వాత వాడు ఏ వ్యాసమూ రెండు వాక్యాలు దాటించలేదు.

4. తప్పులు ఎన్నేవాడికన్నా, రాయించేవాడే భాషకు ఎక్కువ మేలు చేస్తాడు.
గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు వాదనతో సరిపెట్టలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచిక వేసి చూపించారు. నా చేతిలోనూ ఏటా నలభై మంది పిల్లలుండేవారు. వాళ్ల తప్పుల లెక్క రాసుకున్నాను కానీ, మంచి వాక్యం ఒక్కటీ రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు వెతికితే నాకు గుర్తున్నది ఒకే ఒక్కటి. అది నేను కొట్టేసిన వాక్యం.