ధర మారినప్పుడు మాట ఏమగును?



యాకోబు తన మామయైన లాబాను ఇంట ఇరువది సంవత్సరములు కొలువు చేసిన సంగతి మనమందరము ఎరుగుదుము. ఆదికాండము 31వ అధ్యాయములో అతడు చెప్పుకొనిన బాధ యేది? తన జీతము పదిమారులు మార్చబడెననియే. ఒప్పుకొన్నవారు ఇద్దరు, మార్చినవాడు ఒక్కడు. తుదకు యాకోబు ఆ ఇంటిని విడిచెను. అయితే చెప్పక వెళ్లెను గనుక తరుమబడెను, నిందింపబడెను. విడిచిపోవుట ఒక సంగతి. విడిచిపోవు విధము మరియొక సంగతి. ఈ నెల పాఠములో ఈ రెండింటిని మన చేతనున్న మొబైలు ఫోను విషయమై ఆలోచింతము.

“ఇంత చిన్న సంగతికి సంఘ పత్రికలో చోటేల?” అని కొందరు అడుగవచ్చును. చిన్నది ఎవరికి? కూలికి పోయి వచ్చిన దినమే పొయ్యి వెలుగు ఇంటిలో రూపాయి చిన్నది కాదు. మరియు ఇచ్చిన మాట ఎక్కడ తీరును, ఎక్కడ మిగులును అను ప్రశ్న ఎన్నడును చిన్నది కాదు.

1. జరిగిన సంగతి

2024వ సంవత్సరము జూన్ నెలాఖరున జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా అను మూడు కంపెనీలును తమ ధరలు పెంచుచున్నట్లు ప్రకటించెను. మొదటి రెండింటి క్రొత్త ధరలు జూలై 3న, మూడవదాని ధరలు జూలై 4న అమలులోనికి వచ్చెను. దినమునకు ఒకటిన్నర జీబీ డేటా ఇచ్చు జియో వారి 28 దినముల రీఛార్జి 239 రూపాయలనుండి 299 రూపాయలాయెను. ఎయిర్‌టెల్ వారి 179 రూపాయల 28 దినముల రీఛార్జి 199 రూపాయలాయెను.

“అరువది రూపాయలే గదా” అనుకొందుము. కాని 28 దినములు నెల కాదు. సంవత్సరమునకు 12 మారులు గాక 13 మారులు చెల్లింపవలెను. 60 రూపాయలు 13 మారులనగా 780 రూపాయలు. ఇంటిలో మూడు ఫోనులున్నయెడల 2,340 రూపాయలు. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనును. మనమును అట్లే సంవత్సరపు లెక్క చూడవలెను గాని నెల లెక్క కాదు.

ధర పెంచుటకు వారికి హక్కు కలదా? కలదు. మన దేశములో ఈ ధరలను ప్రభుత్వము నిర్ణయించుట లేదు. ట్రాయ్ అను నియంత్రణ సంస్థ వాటిని సామాన్యముగా కంపెనీలకే విడిచిపెట్టి, అవి తమ పథకములను తనకు తెలియజేయవలెనని నియమించినది. కాబట్టి పెంచుటకు వారికి హక్కున్నట్లే, విడిచిపోవుటకు మనకును హక్కు కలదు. ఒకరి హక్కును మాత్రమే ఎరిగి, రెండవ దానిని ఎరుగకయుండుటచేతనే బీదవారు నష్టపోవుదురు.

2. నిబంధన అను మాట

నిబంధన అను మాట మనకు క్రొత్తది కాదు. పాత నిబంధన, క్రొత్త నిబంధన అని చిన్ననాటినుండి పలుకుచున్నాము. సిమ్ కార్డు కాగితముమీద సన్నని అక్షరములలో అచ్చువేయబడినవియు నిబంధనలే. అయితే వాటిని చదువువారు అరుదు.

రీఛార్జి చేసికొనుట ఒక చిన్న నిబంధన. మనము ముందుగా డబ్బిచ్చితిమి; కంపెనీ 28 దినములు సేవ చేయుదునని ఒప్పుకొనెను. ఆ గడువు తీరువరకు ఆ ధరయే. 2024 జూలై 3కు ముందు రీఛార్జి చేసికొన్నవారికి ఆ గడువంతయు పాత ధరకే నడిచెను. గడువు తీరినప్పుడు ఇరువైపుల మాటయు నెరవేరెను. అటు తరువాత క్రొత్త ధరకు ఒప్పుకొనకుండుట మాట తప్పుట కాదు. ఈ సంగతి తెలియక కొందరు ఏదో ద్రోహము చేయుచున్నట్లు భయపడుదురు. భయపడ నక్కరలేదు.

పోస్ట్‌పెయిడ్ సంగతి వేరు. అక్కడ ముందు వాడుకొని వెనుక బిల్లు చెల్లింతుము. ఒక పథకములో చేరిన దినము మొదలు 6 నెలలలోపల దాని ధరను చందాదారునికి నష్టము కలుగునట్లు మార్చకూడదని ట్రాయ్ నియమము కలదు. ఆ తరువాత ధర పెరిగినయెడల మనము విడిచిపోవచ్చును. కాని కొన్ని ఒప్పందములలో ఇన్ని నెలలు ఉండవలెననియు, ముందు విడిచినయెడల ఇంత చెల్లింపవలెననియు వ్రాసియుండును. ఆ కాగితమును తీసి చదువవలెను. చదువరానివారు చదువు వచ్చిన పిల్లలచేత చదివించుకొనవలెను. మరియు వాడుకొనిన దినముల బిల్లు మన బాకీయే. ధర పెంచిరను కోపముతో కడపటి బిల్లు ఎగవేసి సిమ్మును పారవేయువాడు, ఎదుటివాడు మాట మార్చెనని చెప్పుకొనుచు తానే మాట తప్పినవాడగును.

3. ఒక తల్లి అనుభవము

మేము ఒక గ్రామ సంఘమును దర్శించినప్పుడు ఒక విధవరాలు తన కష్టమును మాతో చెప్పుకొనెను. ధర పెరిగినప్పుడు ఆమె, “ఈ ఫోను నాకెందుకు? కుమారుని ఫోను చాలును” అని తన సిమ్మునకు రీఛార్జి మాని దానిని పెట్టెలో పడవేసెను. మిగిలిన డబ్బును చూచి సంతోషించెను. కొన్ని నెలలు గడచెను. బ్యాంకులో పని పడినప్పుడు, “అమ్మా, మీ నంబరుకు ఓటీపీ వచ్చును, చెప్పండి” అనిరి. ఆ నంబరు అప్పటికే రద్దయి మరియొకరికి ఇవ్వబడెను! గ్యాసు బుకింగు ఆ నంబరుమీదనే. ఆధార్ ఆ నంబరుమీదనే. నంబరు మార్పించుకొనుటకు ఆమె ఆధార్ కేంద్రమునకును బ్యాంకునకును ఎన్ని మారులు తిరిగెనో, ఎన్ని దినముల కూలి పోగొట్టుకొనెనో చెప్పుచు కన్నీరు విడిచెను. “నేను మిగిల్చిన దానికంటె పోగొట్టుకొనినదే యెక్కువ, అయ్యగారూ” అనెను.

ఈ తల్లి చేసిన తప్పేమి? విడిచిపెట్టుట తప్పు కాదు. చెప్పక విడిచిపెట్టుట ఆమెకు నష్టమాయెను. 90 దినములు ఏ వాడుకయు లేని సిమ్మును కంపెనీ రద్దు చేయవచ్చును. రద్దయిన నంబరు కొంతకాలమునకు వేరొకరికి పోవును. మన బ్యాంకు సందేశములు అన్యుని చేతికి పోవుట ఎంత అపాయము!

4. క్రమముగా విడిచిపోవు విధము

(అ) మొదట మన అవసరమును చూడవలెను. మాటలాడుటకు మాత్రమే ఫోను వాడు పెద్దలు డేటాకు డబ్బు చెల్లింప నేల? 2024 డిసెంబరులో ట్రాయ్, మాటలకును సందేశములకును మాత్రమే పనికివచ్చు రీఛార్జిలు కూడ ఉంచవలెననియు, వాటి గడువు 365 దినములవరకు ఉండవచ్చుననియు నియమము చేసెను. 2025 జనవరినుండి కంపెనీలు వాటిని ఉంచినవి. దుకాణములో అడిగిననే గాని చెప్పరు, కాబట్టి అడుగవలెను. అవసరము తీరునట్టి చిన్న పథకము దొరికినయెడల విడిచిపోవలసిన పనియే లేదు.

(ఆ) పోవుచోటును చూడవలెను. 2024 జూలైలో బీఎస్ఎన్ఎల్ ధరలు పెంచలేదు. ఆ ఒక్క నెలలోనే దానిలో నికరముగా సుమారు 29 లక్షలమంది చేరిరి. అయితే అదే సంవత్సరము నవంబరులో ఆ సంస్థయే 3 లక్షలకు పైగా చందాదారులను పోగొట్టుకొనెను. వెల తక్కువైనను మన ఊరిలో, మన ఇంటిలో, మన పొలములో సిగ్నలు లేనియెడల ఏమి లాభము? ఆ కంపెనీ సిమ్ము గల పొరుగువారిని అడిగి, వారి ఫోనుతో మన ఇంటనుండి మాటలాడి చూచి, అటు తరువాతనే నిర్ణయింపవలెను.

(ఇ) నంబరును విడువక కంపెనీని విడువవలెను. మన దేశమంతట 2011 జనవరి 20 మొదలుకొని ఈ సదుపాయము కలదు. ఫోనులో ఇంగ్లీషు అక్షరములతో పోర్ట్ అని వ్రాసి, కొంచెము ఖాళీ విడిచి, మన 10 అంకెల నంబరు వ్రాసి 1900కు సందేశము పంపవలెను. 8 అక్షరముల సంకేతము తిరిగి వచ్చును. మన రెండు తెలుగు రాష్ట్రములలో అది 4 దినములు మాత్రమే చెల్లును. దానిని, ఆధార్‌ను తీసికొని క్రొత్త కంపెనీ దుకాణమునకు పోయి క్రొత్త సిమ్ము పుచ్చుకొనవలెను. అదే రాష్ట్రములోనైతే 3 పని దినములలో మార్పు జరుగును. మారునప్పుడు కొన్ని గంటలు ఫోను పనిచేయకపోవచ్చును, కలవరపడరాదు.

(ఈ) ఆటంకములను ముందే ఎరుగవలెను. ఇప్పుడున్న కంపెనీలో 90 దినములు నిండనియెడల మార్పు కుదరదు. పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీయున్నను, ఒప్పందపు గడువు బాకీయున్నను కుదరదు. పోయిన సిమ్మునకు బదులు క్రొత్తది తీసికొన్నయెడల 7 దినములు ఆగవలెను. ఇది 2024 జూలై 1నుండి వచ్చిన నియమము. పాత సిమ్ములో మిగిలిన డబ్బు క్రొత్తదానికి రాదు. కాబట్టి గడువు ముగియనైయున్నప్పుడే మారుట మేలు.

(ఉ) సంకేతమును కాపాడవలెను. ఫోను చేసి ఆ 8 అక్షరములనుగాని ఓటీపీనిగాని అడుగువాడు ఎవడైనను మోసగాడే. దుకాణములో మన కన్నులయెదుట తప్ప దానిని ఎవరికిని చెప్పరాదు.

అన్యాయము జరిగినయెడల 198కి ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించి, వారిచ్చు నంబరును కాగితముమీద వ్రాసి ఉంచుకొనవలెను. అక్కడ తీరనియెడల ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి యుండును. 30 దినములలోపల అప్పీలు చేసికొనవచ్చును. దీనికి రుసుము లేదు.

5. మన నోటిమాట

ఇంకొక సంగతి చెప్పి ముగింతుము. ధర పెరిగిన దినమున మన కోపమంతయు ఎవరిమీద పడును? ఊరిలో రీఛార్జి చేయు కుఱ్ఱవానిమీద. ధర పెంచినవాడు అతడు కాడు. అతడును తన ఇంట మూడు ఫోనులకు చెల్లించుచున్నవాడే. అతనిని దూషించుటవలన ఒక్క పైసయైనను తగ్గదు. లెక్క చూచి, బాకీ తీర్చి, నంబరును కాపాడుకొని, నెమ్మదిగా లేచి పోవువానిని ఎవరును తరుమరు, ఎవరును నిందింపరు.

ధరలు ఇకను మారుచుండును. ఈ పాఠములోని అంకెలు పాతబడినను విధము పాతబడదు. ఎదుటివారు షరతు మార్చినప్పుడు మనము స్వతంత్రులము; కాని మన మాట మనమీదనే యున్నది.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఇంటిలోని ఫోనులన్నిటికి సంవత్సరమునకు ఎంత చెల్లించుచున్నాము? లెక్క వేయుడి.
2. మన బ్యాంకు, ఆధార్, గ్యాసు ఏ నంబరుతో కలిసియున్నవి? ఆ సిమ్ము ఇప్పుడు పనిచేయుచున్నదా?
3. విడిచిపోవు హక్కునకును బాకీ ఎగవేయుటకును గల భేదమేమి?
4. మన సంఘములో చదువురాని పెద్దలకు ఈ విషయమై ఎవరు సహాయము చేయగలరు?