బొద్దింకల పెంపకం – నేను నేర్చుకున్న పాఠం

తమ్ముళ్ళూ! హాస్టల్లో బొద్దింక కనబడితే మనం ముందు చెప్పు కోసం వెతుకుతాం. ట్రంకు పెట్టెలో నుంచి, బియ్యం బస్తాల కింద నుంచి వాటిని తరిమినవాళ్ళమే అందరం. అలాంటి నేను ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం నాలుగు నెలలు బొద్దింకల్ని పెంచాను. "వీటిని మేపడానికా ఇంత చదువు?" అని అమ్మ అడిగింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అప్పుడు ఆమెకు సరిగా జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకు పెంచాలి?

ఇంటర్ జంతుశాస్త్రంలో మనం చదివే బొద్దింక పేరు పెరిప్లానెటా అమెరికానా. ఒకప్పుడు ప్రాక్టికల్స్‌లో దాన్ని కోసి చూపేవారు. తరగతుల్లో జంతువులను కోయడం ఆపాలని 2014లో యూజీసీ ఆదేశించింది. బతికున్న బొద్దింకను గమనించాలంటే ముందు దాన్ని బతికించడం తెలియాలి.

మొదటి వారం

ల్యాబులో ఇచ్చిన 20 బొద్దింకల్లో వారానికల్లా 11 చచ్చిపోయాయి. మూత గట్టిగా బిగించాను. మూకుడులో నీళ్ళు పోశాను. పిల్లలు అందులో పడి మునిగాయి. తేమకు అన్నం మెతుకులు బూజు పట్టాయి. మార్కులు పోతాయని రికార్డులో 2 అని రాయబోయాను. చేయి ఆగింది. 11 అనే రాశాను. మేడం తిట్టలేదు, "కారణాలు కూడా రాయి" అన్నారు. ఆ కారణాలే ఈ కింది పద్ధతులు.

డబ్బా: ఎత్తైన ప్లాస్టిక్ డబ్బా చాలు. మూతకు రంధ్రం చేసి సన్నని ఇనుప జాలీ అతికించాలి. లోపలి గోడల పైభాగంలో రెండంగుళాల మేర వ్యాజిలిన్ పూస్తే ఎక్కి రాలేవు. కోడిగుడ్ల అట్టలు నిలువుగా పెట్టాలి. వాటికి చీకటి, ఇరుకు సందులు ఇష్టం. 25 నుంచి 30 డిగ్రీల వేడి సరిపోతుంది.

నీరు: తిండి లేకుండా బతికినన్ని రోజులు నీళ్ళు లేకుండా బతకలేవు. తడిపిన దూదిని చిన్న మూతలో పెట్టి తరచూ మార్చాలి.

ఆహారం: బిస్కెట్ పొడి, చేపల మేత, క్యారెట్ ముక్క పెట్టవచ్చు. తడి తిండి మర్నాటికల్లా తీసేయాలి. చోటు ఇరుకైనా, తిండి, నీళ్ళు చాలకపోయినా ఒకదాన్నొకటి తింటాయి.

కుబుసం: పిల్ల పెద్దదయ్యేలోపు సుమారు 13 సార్లు కుబుసం విడుస్తుంది. అప్పుడే విడిచినది తెల్లగా, మెత్తగా ఉంటుంది. జబ్బు అనుకుని పారేయకండి. కొన్ని గంటల్లో గోధుమరంగుకు వస్తుంది. అప్పటిదాకా చేత్తో తాకకూడదు. విడిచిన చర్మాన్ని అవే తింటాయి, తీయనక్కర్లేదు.

గుడ్లు: ఆడది ఊథీకా అనే గుడ్ల తిత్తిని సందుల్లో అతికిస్తుంది. ఒక్కో తిత్తిలో 14 నుంచి 16 గుడ్లు ఉంటాయి. అట్టలు మార్చేటప్పుడు చూసుకోవాలి.

జాగ్రత్తలు

హాస్టల్ మరుగుదొడ్లలో, వంటగదిలో పట్టినవాటిని పెంచవద్దు. అవి రోగక్రిములను మోస్తాయి, వాటి ఒంటికి పురుగుమందు అంటి ఉండవచ్చు. ల్యాబులో పెంచినవే తీసుకోవాలి. వాటి రెట్ట, చర్మం పొడి వల్ల కొందరికి ఉబ్బసం పెరుగుతుంది. డబ్బా శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పడుకునే గదిలో ఉంచకూడదు. ప్రాజెక్టు అయ్యాక బయట వదలకుండా ల్యాబులోనే అప్పగించాలి.

ఈ పద్ధతులు పాటించాక మిగిలిన 9లో ఒక్కటే చనిపోయింది. ఒక రాత్రి ఎర్రబల్బు వెలుతురులో ఒక పిల్ల వీపు చీలి, తెల్లని బొద్దింక మెల్లగా బయటికి రావడం చూశాను. ఎరుపు వెలుగు వాటికి సరిగా కనబడదు కాబట్టి బెదరలేదు. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మకు అదంతా చెప్పాను. ఆమె చేతిలో పని ఆపి విన్నది. "నువ్వు తప్పు రాయకుండా ఉన్నావు చూడు, అదీ చదువు" అంది.

– ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, హాస్టల్ పూర్వ విద్యార్థి