వంశానుచరితము – గృహస్థుని పితృఋణము

శ్రీమద్రామాయణము బాలకాండమున సీతారాముల కల్యాణమునకు ముందు జరిగిన ఒక సన్నివేశము మిక్కిలి గమనింపదగినది. మిథిలలో జనకమహారాజు సభయందు దశరథుని పక్షమున వసిష్ఠమహర్షి ఇక్ష్వాకువంశమును మొదటినుండి వరుసగా కీర్తించెను. అటుపిమ్మట జనకుడు తన వంశక్రమమును తానే వినిపించెను. కన్యను ఇచ్చువాడు తన కులక్రమమును పూర్తిగా చెప్పవలయునని ఆ రాజర్షి అభిప్రాయము. నేటికిని వివాహవేదికపై ప్రవర చెప్పునపుడు వధూవరుల ముత్తాత, తాత, తండ్రుల పేర్లు సభవారందరు వినునట్లు పఠింపబడుచున్నవి. పురాణమునకు చెప్పిన అయిదు లక్షణములలో వంశము, వంశానుచరితము అని రెండు ఈ విషయమునకే చెందియుండుట పెద్దలు దీనికిచ్చిన ప్రాముఖ్యమును తెలుపును.

శ్రాద్ధతర్పణములలో గృహస్థుడు తండ్రిని వసురూపునిగ, తాతను రుద్రరూపునిగ, ముత్తాతను ఆదిత్యరూపునిగ స్మరించి తిలోదకములిచ్చును. తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి, అట్లే మాతామహవర్గము వారును స్మరింపబడుదురు. ఈ పేర్లన్నియు కర్తకు నోటికి రావలసినవి. కాని పురోహితుడు ముత్తాతగారి పేరు అడిగినపుడు తడబడి ప్రక్కవారివైపు చూచు యజమానులు నేడు ఎందరో కలరు. తరము మారిన కొలది మొదట తిథి, తరువాత పేరు, చివరకు ఊరును మరుగున పడుచున్నవి. కావున వంశచరిత్రను సేకరించుట గొప్పలు చెప్పుకొనుటకు కాదు. పితృఋణము తీర్చుకొనుటకు అది తొలి సాధనము.

కృష్ణవేణి సముద్రమున కలియు దివిసీమలోను, బందరు తీరమునను ఇది కేవలము శాస్త్రవిషయము కాదు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నము పరిసరములలో సుమారు 30,000 మంది గతించిరి. 1977 నవంబరు 19న, పింగళనామ సంవత్సర కార్తికమాసమున, దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయెను. పెద్దలతోపాటు వారు చెప్పదగిన పేర్లును పోయినవి. పెట్టెలలోని దస్తావేజులు, జాతకములు నీటిపాలయినవి. మరణతిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు తర్పణము చేయవచ్చునని శాస్త్రము దయతో అనుమతించినది. సంతతి లేక గతించిన సగోత్రులకై తర్పణాంతమున వస్త్రమును పిండి నీరు విడుచు విధియు కలదు. అయినను, తెలిసికొనుటకు వీలున్నదానిని తెలిసికొనకుండుటకు ఈ అనుమతులు సాకు కారాదు.

మొదటి మెట్టు – ఇల్లు

వంశచరిత్ర ఆరంభింపవలసినది తనతోనే. తన పేరు, తల్లిదండ్రుల పేర్లు వ్రాసి, అచటినుండి ఒక్కొక్క తరము వెనుకకు పోవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క కాగితము కేటాయించి పేరు, ఇంటిపేరు, గోత్రము, పుట్టిన ఊరు, జననము, వివాహము, మరణతిథి వ్రాయవలెను. ఏ సంగతి ఎవరు చెప్పిరో, ఏనాడు చెప్పిరో దాని క్రిందనే గుర్తించవలెను. బడికి పోవు బాలబాలికలును చేయదగిన పని ఇది. తాతను, అమ్మమ్మను ప్రశ్నించుటకు మనుమలకంటె తగినవారు లేరు.

కోడండ్ర పుట్టింటి వివరములను తప్పక వ్రాయవలెను. చాల వంశవృక్షములలో మగవారి పేర్లు మాత్రమే కొమ్మలుగ ఉండి, ఇల్లాండ్ర పేర్లు కనబడవు. బృహదారణ్యకోపనిషత్తు చివరనున్న ఆచార్యవంశములో గురువులను తల్లుల పేర్లతోనే చెప్పిరి. ఆ మార్గమును గృహస్థులు మరువరాదు.

ఇంటిలోని శుభలేఖలు, జాతకచక్రములు, ఆబ్దికముల పట్టికలు, పాత చిత్రపటముల వెనుక వ్రాతలు అన్నియు సాక్ష్యములే. వీనిని చదువునపుడు సంవత్సర నామములపట్ల జాగ్రత్త అవసరము. ప్రభవాది నామములు 60 ఏండ్లకొకసారి తిరిగి వచ్చును. జాతకమున "పింగళ" అనియున్నచో అది 1857లో గాని, 1917లో గాని, 1977లో గాని ఉగాదితో మొదలైన సంవత్సరము కావచ్చును. బిడ్డల వయస్సులు, వివాహకాలము పోల్చి చూచిననే నిర్ణయము కుదురును. సంవత్సరము ఉగాదితో మారును గనుక, 1864లో వచ్చిన రక్తాక్షి యొక్క మాఘమాసము 1865లో పడును. ఆబ్దికతిథి మాసమును, పక్షమును తెలుపునే గాని సంవత్సరమును తెలుపదు.

మరియొక చిక్కు పేర్లయందు కలదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. అందుచే ఒకే ఇంటిలో ఒకే పేరు తరము విడిచి తరము వచ్చుచుండును. తండ్రి పేరు, ఊరు జతపరుపనిదే ఏ పేరును వృక్షమున చేర్చరాదు.

రెండవ మెట్టు – ఊరు

ఇంటిపేరు ఊరికి దారి చూపును. కాని అది సూచనయే, నిర్ణయము కాదు. భగవద్గీతను గానము చేసి తెలుగువారి ఇండ్లకు చేర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922లో గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించిరి. ఆయన ఇంటిపేరు దివిసీమలోని ప్రాచీన గ్రామము పేరు. ఇంటిపేరు ఒక ఊరు, పుట్టిన ఊరు మరొకటి అగుట ఈ సీమలో సామాన్యము. 1855 నాటికి బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప సాగునీటికై డెల్టా గ్రామములకు తరలివచ్చిన కుటుంబములును కలవు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులములలోను, గోత్రములలోను ఉండును. కావున ఇంటిపేరు కలసినంతనే చుట్టరికము కలుపరాదు. వేదాంతం, భాగవతుల వంటి ఇంటిపేర్లు ఊరిని గాక విద్యను తెలుపును.

ఊరిలో చూడవలసినవి పాఠశాల ప్రవేశపుస్తకము, జనన మరణ రిజిస్టర్లు, ఆలయమునందలి దాతల శిలాఫలకములు, భూమి రికార్డులు. జనన మరణముల నమోదునకు దేశమంతటికి ఒకే చట్టము 1969లో వచ్చినది. గుడివాడ, మచిలీపట్నము, అవనిగడ్డలలోని సబ్ రిజిస్ట్రారు కార్యాలయములందు క్రయదస్తావేజులు, భాగపరిష్కార దస్తావేజులు, వీలునామాలు నకళ్ళుగ లభించును. భాగపరిష్కారపు కాగితమొకటి దొరికినచో అన్నదమ్ములందరి పేర్లు, తండ్రి పేరు, ఒక్కొక్కప్పుడు తాత పేరును ఒక్కచోటనే తెలియును. కూచిపూడి గ్రామమును భాగవత కుటుంబములకు పంచిన 1763 నాటి పత్రము నేటికిని ఆ కుటుంబముల చరిత్రకు ఆధారముగ నున్నది. భూమికై వ్రాసికొన్న కాగితము వంశమునకు సాక్షియైనది.

కరణములు తరతరములుగ గ్రామలెక్కలను కాపాడిరి. ఆ వ్యవస్థ 1984లో రద్దయినది. మరుసటి ఏడు మండలములు ఏర్పడినవి. 2022లో కృష్ణాజిల్లాయు విభజింపబడి, మచిలీపట్నము కేంద్రముగ నేటి జిల్లా నిలిచినది. కావున వెదకువారు తమ ఊరు ఏ కాలమున ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండెనో ముందుగా తెలిసికొనవలెను. లేనిచో ఉన్న కాగితమును లేదని తలచి మరలి వత్తురు.

మూడవ మెట్టు – జిల్లాకు ఆవల

శ్రద్ధ గలవారు ఇంకను వెనుకకు పోవచ్చును. ఇనాము భూములు గల కుటుంబములకు 1858 పిదప జరిగిన ఇనాము విచారణ రిజిస్టర్లు ఉపకరించును. దానమును మొదట పొందినవారెవరో, విచారణనాటికి అనుభవించుచున్నవారెవరో అందు వ్రాయబడియుండును. కర్నలు మెకంజీకై కావలి సోదరులును, ఇతర సహాయకులును సేకరించిన కైఫియత్తులు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తకాలయమున కలవు. గయ, హరిద్వారము మొదలగు క్షేత్రములందు తీర్థపురోహితులు తమ యజమానుల పేర్లను తరతరములుగ బహీలలో వ్రాసి ఉంచుదురు. మారిషసు మొదలగు దేశములకు కూలిపనికై పోయిన తెలుగువారి పేర్లు, తండ్రుల పేర్లు, స్వగ్రామములు ఆనాటి వలస రికార్డులలో దొరుకును. అచటి మునిమనుమలు నేడు ఈ తీరమున తమ ఊరిని వెదకుచున్నారు.

శాసనములు అన్నిటికంటె ప్రాచీనమైన సాక్ష్యములు. దివిసీమలోని గణపేశ్వరమున శక సంవత్సరము 1153, అనగా క్రీ.శ. 1231 నాటి శాసనము కలదు. కాకతీయ గణపతిదేవుని సేనానియై, నృత్తరత్నావళిని రచించిన జాయపసేనాని తన అయ్యవంశ క్రమమును అందు చెక్కించెను. అతని సోదరీమణులు నారమ, పేరమ గణపతిదేవుని వివాహమాడిన సంగతియు అందు కలదు. ఎన్ని ఉప్పెనలు వచ్చినను ఆ శిల చెరగలేదు. కాగితము అంతటి గట్టిది కాదు గనుక దానిని కాపాడుట మనపని.

సత్యమే వంశమునకు అలంకారము

ఈ పనిలో ప్రలోభము ఒకటి కలదు. దొరకని తరమును ఊహతో నింపుట, ప్రసిద్ధ కుటుంబముతో ముడివేయుట, దత్తతను దాచుట, దారిద్ర్యమును తుడిచివేయుట కొందరు చేయుదురు. అబద్ధపు పేరుతో విడిచిన నీరు ఎవరికి చెందవలెను? తెలియనిచోట ఖాళీ విడుచుట అవమానము కాదు. రెండు సాక్ష్యములు కుదిరినపుడే సిద్ధమని వ్రాయవలెను. ఒకే సాక్ష్యమున్నచో "విన్నది" అని గుర్తించవలెను. దత్తత వచ్చినవారికి జన్మగోత్రమును, స్వీకృతగోత్రమును రెండును వ్రాయవలెను.

శ్రీవైష్ణవులకు రెండవ వంశము ఒకటి కలదు. అది ఆచార్యపరంపర. సమాశ్రయణము ఇచ్చిన ఆచార్యులెవరో, వారి ఆచార్యులెవరో, ఇంటిలో మొదట ఆ సంబంధము పొందినవారెవరో అదే పుస్తకమున వ్రాసికొనవలెను. ఆళ్వారులు ఒకే కులమున జన్మించినవారు కారు. వారి పాశురములు అందరి ఇండ్లలో మ్రోగుచున్నవి. తులసివనమున పెరియాళ్వారులకు లభించిన బాలయే గోదాదేవి. ఆ తల్లి కథను కావ్యముగ చెప్పుమని శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున ఆనతిచ్చినవాడు దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళాంధ్రమహావిష్ణువే. ఉప్పెనలో పెద్దలను, పేర్లను పోగొట్టుకొన్నవారు ఆ సన్నిధిలో తాము వంశహీనులమని చింతింపనక్కరలేదు. పెంచినవారి పేర్లు వ్రాసి, వారికి నమస్కరించి, తమతోనే వంశమును మొదలుపెట్టవచ్చును.

భాద్రపద బహుళపక్షము ఈ కార్యమునకు తగిన సమయము. ఆ పదిహేను దినములలో దినమునకు ఒక పెద్దను కలిసికొని ఒక కాగితము వ్రాసినను పదునైదు కాగితములగును. పూర్తియైన ప్రతిని ఒక్క ఇంటిలోనే ఉంచరాదు. ఒకటి పెద్దకుమారునియొద్ద, ఒకటి వేరొక ఊరిలోని కుమార్తెయొద్ద, ఒకటి దూరదేశముననున్న బంధువులయొద్ద ఉంచవలెను. ఒక ఇంటికి నీరు వచ్చినను మరియొక ఇంట పేర్లు నిలుచును. తరువాతి తరము దర్భ చేతబట్టి కూర్చున్ననాడు పురోహితుని ప్రశ్నకు తడబడకుండ సమాధానము వచ్చును.