చీలికలో స్టెంటు ఒకటా, రెండా?

పంట కాలువ రెండు పిల్ల కాలువలుగా చీలేచోట ఎప్పుడైనా నిలబడి చూశారా? చీలిక ముక్కును ఒరుసుకుంటూ నీరు వడిగా పోతుంది. దానికి ఎదుటనున్న బయటి గట్ల వెంట నీరు మందగించి, ఒండ్రు మేటవేస్తుంది. గుండె కండరానికి రక్తాన్నిచ్చే హృదయ ధమనులు చీలేచోట కూడ బయటి గోడలవైపే కొవ్వు ఎక్కువగా పేరుకుంటుంది. కాకపోతే ఇది మట్టిలా అడుగున దిగేది కాదు, గోడ లోపలి పొరలోకి చేరేది.

పూడిక తిన్నని నాళంలో ఉంటే పని కొంత సులువు. బెలూనుతో వెడల్పుచేసి, స్టెంటు అనే లోహపు జాలీ గొట్టాన్ని అమర్చుతారు. ఫ్రాన్సులో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండులో ఉల్రిక్ సిగ్వార్ట్ 1986లో మొదటగా మనుషులకు దీన్ని అమర్చారు. చీలికలోనే ఉంది చిక్కంతా. పెద్ద నాళంలో స్టెంటు పెడితే జాలీ కొమ్మ నోటికి అడ్డుపడుతుంది. పోనీ కొమ్మలోనూ ఒకటి పెడదామంటే, చీలికలో లోహం పొరలుగా పోగవుతుంది. రక్తం గడ్డకట్టే భయం ఉంటుంది.

రెండు పెట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. 'క్యులాట్'లో రెండు స్టెంట్లు నిక్కరు కాళ్ళలా చెరొక నాళంలోకి పోతాయి. పైన నడుము దగ్గర ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. (ఆ ఫ్రెంచి మాటకు లాగు అనే అర్థం!) 'క్రష్'లో కొమ్మలోని స్టెంటు అంచును కాస్త బయటకు ఉంచి, పెద్ద నాళపు గోడకేసి నలిపి, పైన రెండోదాన్ని పరుస్తారు.

ఇప్పుడొక లెక్క చేయండి. చీలిన నాళాల వ్యాసాలు 3 మి.మీ., 2.5 మి.మీ. అనుకుందాం. ముర్రే సూత్రం ప్రకారం వాటి ఘనాలను కూడితే 27 + 15.6 = 42.6. దీని ఘనమూలం సుమారు 3.5. అంటే చీలికకు ముందు నాళం 3.5 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. స్టెంటు అక్కడ వదులే! అందుకని ఆ భాగాన్ని పెద్ద బెలూనుతో మళ్ళీ విప్పారుస్తారు.

మరి ఏది మేలు? 2006లో వెలువడిన నార్డిక్ దేశాల పరిశీలనలో, 413 మందిలో ఆరు నెలలకు రెండు విధానాల ఫలితాలూ దాదాపు సమానం. రెండు స్టెంట్లకు సమయం, ఎక్స్‌రే ఎక్కువ పట్టాయి. అందువల్ల సాధారణంగా ముందు ఒకటే పెట్టి, కొమ్మలో రక్తం సరిగా పారకపోతేనే రెండోది పెడతారు. అయితే ఎడమ ప్రధాన ధమని చీలిక సంగతి వేరు. అక్కడ కొమ్మ కూడ పెద్దదే. 482 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన పరిశీలనలో, 'ముందు ఒకటి' పద్ధతిలో ఏడాదికి 10.7 శాతం మందిలో చికిత్స విఫలమైంది. క్రష్‌కు మెరుగులు దిద్దిన 'డీకే క్రష్'లో 5 శాతమే. 2021లో ఐరోపా వారి పరిశీలన మాత్రం రెండు స్టెంట్లు మేలని తేల్చలేదు. వారు ఎక్కువగా వాడింది క్యులాట్. డీకే క్రష్ చేసింది కొద్దిమందికే.