చెట్టు నాటే ముందు లెవెల్ చూసేవాళ్లు కావాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లను ముంచెత్తాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. 1957లో బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. ఈ రెంటికీ లంకె ఉంది. బుడమేరు వరదలో కొంత వెలగలేరు దగ్గర డైవర్షన్ కాల్వలోకి మళ్లి కృష్ణలో కలవాలి. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీళ్లు సరిగా దిగవు, వెనక్కి తంతాయి. ఆ ఏడు కాల్వ గట్టుకు గండ్లు కూడా పడ్డాయి. మళ్లించని నీరు నగరం అంచు పట్టుకుని, ఎనికేపాడు మీదుగా కొల్లేరుకు పోతుంది.

కెరీర్ వ్యాసంలో ఈ వరద గోల ఎందుకంటే, ఇందులోనే ఒక వృత్తి ఉంది. నిడమానూరు నుంచి గన్నవరం దాకా హైవే వెంట షోరూములు, గోడౌన్లు, ఆస్పత్రులు, కల్యాణ మండపాలు లేస్తున్నాయి. వాటికింద ఉన్నది చాలాచోట్ల నిన్నటి వరిచేను. యజమాని ముందుగా చేసే పని లారీలతో మట్టి తోలించి మెరక చేయించడం. పక్క స్థలమాయన ఇంకో అడుగు ఎక్కువ పోయిస్తాడు. మళ్లీ రోడ్డు వేసినప్పుడు అదీ పెరుగుతుంది. ఇక వాననీళ్లు ఎవరి సెల్లారులో దిగాలన్నదొక్కటే తేలాలి. లాన్ పరిచేవాళ్లు, ఈత చెట్లు వరసగా పాతేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. ఆ నీళ్లు ఎటు పోతాయో ముందే లెక్కగట్టేవాళ్లు తక్కువ.

లెక్క కూడా పెద్ద కష్టమేమీ కాదు. ఎకరం స్థలంలో 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4 లక్షల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. స్థలమంతా కాంక్రీటు అయితే అందులో సుమారు 90 శాతం బయటికి పరుగెత్తుతుంది. మొక్కలున్న నేల అయితే పావువంతు చుట్టుపక్కల, అదీ నేల అప్పటికే నానిపోకుండా ఉంటే. ఇప్పుడు వంద మీటర్ల డ్రెయిన్‌కు 200కు 1 వాలు ఇచ్చారనుకోండి. చివరికి వచ్చేసరికి అది అర మీటరు లోతుకు దిగుతుంది. బయట రోడ్డు పక్క కాల్వ అడుగు అంతకన్నా ఎత్తులో ఉంటే? వాన రోజున నీళ్లు రోడ్డు మీంచి మీ స్థలంలోకి వస్తాయి. నీరు పల్లమెరుగు అంటాం గానీ, డెల్టాలో పల్లం ఎటుందో ఆటో లెవెల్ పెట్టి వెతకాల్సిందే.

ఇంకో చిక్కు మన నేల. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బి నీటిని ఇంకనివ్వదు. పైగా కొల్లేరు వైపు వెళ్లేకొద్దీ భూగర్భజలం పైపైనే ఉంటుంది. అలాంటి చోట ఇంకుడు గుంత తవ్వితే వర్షాకాలమంతా అది నీళ్ల తొట్టే. నిబంధన ఉంది కాబట్టి తవ్వించి, ఫొటో తీసుకుని వచ్చేయడం నా దృష్టిలో వృత్తి కాదు. అక్కడ కావలసింది నీటిని కొన్ని గంటలు పట్టి ఉంచే పల్లపు తోట, పూడికను ఆపే చిన్న తొట్టి, తర్వాత నెమ్మదిగా డ్రెయిన్‌లోకి వదిలే తూము. అంచుల్లో వట్టివేరు, తుంగ. కాస్త ఎగువన కానుగ, నేరేడు, ఏరుమద్ది. వీటికి నీటి పక్కన బతకడం అలవాటే.

చట్టం కూడా తెలియాలి. కొల్లేరు 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్‌కెక్కింది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల ప్రకారం అలాంటి చోట భూమి స్వరూపం మార్చకూడదు, శుద్ధి చేయని మురుగు వదలకూడదు. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటే భవనాలకు ఎక్కడైనా పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తుల్లో వాననీటి ప్రణాళిక రాసే పనిలో ఇంజినీర్లకూ ప్లానర్లకూ చోటుంది. స్థలం పక్కన వాగు పోరంబోకు ఉందా అన్నది మాత్రం కంప్యూటర్ ముందుకన్నా పొలం కొలతల పటం (ఎఫ్‌ఎంబీ) చేత్తో పట్టుకుని నడిస్తేనే బాగా తెలుస్తుంది.

ఇక చదువు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమాలో చేరితే సర్వే చేతికొస్తుంది. ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. మొక్కల మీద మనసుంటే వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇంటర్ బైపీసీ వాళ్లు అక్కడే ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల హార్టికల్చర్ డిగ్రీ చేయొచ్చు. ఎంపీసీ వాళ్లకు విజయవాడలోనే 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. బీఆర్క్, బీప్లాన్ సీట్లకు జేఈఈ మెయిన్ రెండో పేపర్ రాయాలి. బీఆర్క్ అయ్యాక అక్కడే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేయొచ్చు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అనిపించుకోవాలంటే మాత్రం ఈ చివరి దారే పట్టాలి. తక్కినవాళ్లు అదే సైటులో డ్రెయినేజీ ఇంజినీరుగానో, సర్వేయరుగానో, మొక్కల గుత్తేదారుగానో ఉంటారు. అందులో చిన్నతనమేమీ లేదు.

డబ్బు పెట్టకుండా నేర్చుకునేవీ ఉన్నాయి. పటాలకు క్యూజీఐఎస్, వాననీటి లెక్కలకు ఎస్‌డబ్ల్యూఎంఎం రెండూ ఉచితమే. ఇస్రో వారి భువన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. మొక్కల ధరలు, వేళ్ల తీరు తెలియాలంటే కడియం నర్సరీల్లో నాలుగు రోజులు తిరగండి. అక్కడి మాలీలకు తెలిసినంత ఏ క్యాటలాగులోనూ ఉండదు.

మొదటి పని చాలావరకు డిజైన్ కాదు, నిర్వహణ. వేసవిలో పంట కాల్వలు కట్టేసిన రోజుల్లో డ్రెయిన్ల పూడిక తీయించడం, గుర్రపుడెక్క లాగించడం, పంపులు నడిపి చూడటం. జీతం మొదట్లో అంతంతమాత్రం. అలాంటి నిర్వహణ ఒప్పందం చేతికొస్తే యజమానిని అడిగి ఒక పని చేయండి: జూన్‌లో మొదటి గట్టి వాన పడేటప్పుడు గొడుగు, సున్నం ముక్క పట్టుకుని సైటులో ఉండి, గంట గంటకూ నీళ్లు ఎంతవరకు వచ్చాయో ప్రహరీ మీద గీతలు గీయండి. తర్వాతి డిజైన్‌కు మీరు కట్టబోయే ధర ఆ గీతల్ని బట్టే ఉంటుంది.