వాచిన కాలిని దాచుకోకు చెల్లీ

కాలు వాచిందని కుచ్చిళ్ళు పాదాల మీదకి దించి కట్టుకుంటున్నావా చెల్లీ? పేరంటానికి పిలిస్తే ఒంట్లో బాలేదని తప్పించుకుంటున్నావా? బోదకాలు అన్న మాటకే మన గోదావరి ఊళ్ళలో గుండె జారిపోతుంది. నలుగురూ ఏమనుకుంటారో, పిల్లకి సంబంధాలు రావేమో అని మనం ఎంత బెంగపడతామో! ముందు ఆ టీ తాగి, నా మాట విను. ఇది ఎవరి పాపఫలమూ కాదు. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ తెచ్చిపెట్టిన జబ్బు. ముట్టుకుంటే అంటుకోదు.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం భయం పోతుంది. పైన ఉండేది బాహ్యచర్మం. పలచనిదే అయినా క్రిములని లోపలికి రానివ్వనిది అదే. దాని కింద అంతశ్చర్మం. అందులో అల్లుకున్న కొలాజెన్ పోగులే చర్మానికి బలం. ఆ కింద కొవ్వు పొర. ఈ పొరల్లో ఊరే నీటిని శోషరస నాళాలు తోడేస్తుంటాయి. దోమ కాటుతో ఒంట్లోకి వచ్చే ఫైలేరియా పురుగులు ఆ నాళాల్లో చేరి వాటిని పాడుచేస్తాయి. మురుగుకాలువ పూడితే చేను ముంపులో ఉండిపోయినట్టు, కాల్లో నీరు నిలిచిపోతుంది. పైగా వేళ్ళ సందుల్లో చర్మం చిట్లితే క్రిములు దూరి చలిజ్వరం, మంట, నొప్పి. జ్వరం వచ్చిన ప్రతిసారీ లోపల పీచులాంటి కణజాలం పెరిగి కాలు ఇంకాస్త గట్టిపడుతుంది.

మరి మన చేతిలో ఏముంది? ఆ పై పొరని కాపాడుకోవడం. రోజూ సబ్బుతో, చల్లని శుభ్రమైన నీళ్ళతో పాదం, ముఖ్యంగా వేళ్ళ సందులు కడుక్కో. మెత్తని గుడ్డతో అద్దు, గట్టిగా రుద్దకు. తడి ఉండనివ్వకు. సందుల్లో పాచినట్టుంటే డాక్టరు రాసిచ్చిన పూతమందు పూసుకో. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకో, మడమ ఆడిస్తూ ఉండు. చెప్పుల్లేకుండా గడప దాటకు. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళు.

మందు సంగతి తెలుసా? భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధనలు నడిపించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే, 1947లో ఈ పురుగుల మీద పనిచేసే డీఈసీ మందు వెలుగులోకి వచ్చింది. బోదకాలుని అరికట్టడానికి ఇంటింటికీ పంచే మాత్రల్లో అదీ ఉంటుంది. గర్భిణులకి, రెండేళ్ళలోపు పిల్లలకి, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళకి ఇవ్వరు. మిగతావాళ్ళు ఇచ్చినవాళ్ళ ఎదుటే మింగండి, డబ్బాలో దాచొద్దు. పరీక్షకి రాత్రిపూట రక్తం తీస్తామంటే విసుక్కోకండి, పురుగు పిల్లలు రక్తంలో బాగా దొరికేది ఆ వేళకే.

బోదకాలుతో వంగి కడుక్కోలేని అత్తగారు ఇంట్లో ఉంటే, ఆవిడ కాళ్ళు నువ్వే కడుగు తల్లీ. నీళ్ళు పొయ్యడానికి మీ ఆయన్ని రమ్మను.