పిట్టగోడ కట్టే మనిషికి పిట్టగోడ ఏది?



కోహీర్ చుట్టుపక్కల ఊళ్లలో పెంకుటిళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు వస్తున్నాయి. పిల్లలు పడిపోకూడదని మనం మేడకు పిట్టగోడ కట్టిస్తాము. అయితే అది లేచేది చివరలో. అంతవరకు మేస్త్రీ, కూలీలు అంచున ఏ అడ్డూ లేకుండానే పని చేస్తారు.

పది అడుగుల ఎత్తునుండి జారిన మనిషి ఒక్క సెకను లోపే నేలను తాకుతాడు. అప్పటి వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. పట్టుకోవడానికి సమయం ఉండదు. కాళ్లమీద పడితే మడమ ఎముక విరగవచ్చు, ఆ దెబ్బ నడుము వెన్నుపూసకూ తగలవచ్చు. అందుకే మడమ విరిగినవారికి వెన్నును కూడా పరీక్షిస్తాము.

పనికి ముందే ఇవి చూడండి:

1. స్లాబు అంచున, పరంజా మీద నడుము ఎత్తున ఒక కర్ర, మోకాలి ఎత్తున మరొకటి గట్టిగా కట్టించండి.
2. మెట్ల కోసం వదిలిన ఖాళీని కదలని పలకలతో మూయించండి.
3. నిచ్చెన పైకొనను కట్టాలి. అది దిగే చోటుకన్నా మూడు అడుగులు పైకి ఉండాలి.
4. భుజాలు, తొడలను పట్టివుంచే బెల్టు వాడాలి. దాని తాడును గట్టి ఆధారానికి కట్టకపోతే ఉపయోగం లేదు.

ఎవరైనా పడితే కాళ్లు చేతులు పట్టుకొని ఎత్తకండి, ఆటోలో కూర్చోబెట్టకండి. వెన్ను విరిగి ఉంటే, అలా వంచినందువల్ల కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. తల, మెడ కదలకుండా పట్టుకొని 108కి ఫోన్ చేయండి. నీళ్లు త్రాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. కదిలించక తప్పని ప్రమాదం ఉంటే, నలుగురు కలిసి తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉంచి తలుపు చెక్క మీదికి చేర్చండి.

లేచి నడిచినా ఆసుపత్రికి తీసుకురండి. వాంతులు, మత్తు, తలనొప్పి పెరగడం, కాళ్ల తిమ్మిరి, మూత్రం రాకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము ఈ బాధ్యతను ఇల్లు కట్టించేవారి మీదనే పెట్టింది. ఇంట్లో ఉండబోయే మన పిల్లలతోపాటు, ఆ ఇల్లు కట్టే కూలీకి కూడా అంచున అడ్డు ఉండాలి. అతని ఇంట్లోనూ పిల్లలు ఎదురు చూస్తుంటారు. స్లాబు పనికి బేరం కుదుర్చుకొనే రోజే మేస్త్రీతో ఈ మాట మాట్లాడండి.